పదార్థానికి నీతి వుందా?

కత్తి పండునూ కోస్తుంది, గొంతునూ కోస్తుంది; తప్పు పట్టవలసింది కత్తిని కాదు, పట్టిన చేతిని. ఈ మాట మనందరం ఎన్నోసార్లు విన్నాం. మనలో చాలామందిమి తరగతి గదుల్లో చెప్పాం కూడా. విజ్ఞానశాస్త్రం మేలు చేస్తుందా కీడు చేస్తుందా అని వ్యాసరచన పోటీ పెడితే దాదాపు ప్రతి విద్యార్థీ కత్తితోనే మొదలుపెట్టి, అణుశక్తి మీదుగా నడిచి, "వాడుకునే మనిషిని బట్టి వుంటుంది" అన్నచోట ఆగుతాడు. నేనూ దానికి మంచి మార్కులే వేశాను. ఈ మాట అబద్ధమని ఇప్పుడు అనబోవడం లేదు. ఐతే ఒక మాట మరీ సులభంగా అందరి నోటా పలుకుతూ వున్నప్పుడు, దానివల్ల ఎవరికి సుఖంగా వున్నదో విచారించడం భౌతికవాదులకు కనీస ధర్మం. కత్తి చేసినవాడు ఈ మాట చెప్పుకుని హాయిగా నిద్రపోతాడు. కత్తి చెయ్యమని డబ్బిచ్చినవాడు అంతకన్నా హాయిగా నిద్రపోతాడు.

నన్ను ఈ విచారణలోకి దింపింది ఏ గ్రంథమూ కాదు, నాచారంలో ఒక రేకుల షెడ్డు. నేను ఉప్పల్ ప్రాంతంలో ఒక కళాశాలలో తెలుగు చెబుతాను. ఈ ప్రాంతం ఎరగనివారికి రెండు మాటలు చెప్పాలి. తార్నాక నుంచి ఉప్పల్ వచ్చే రోడ్డు పొడుగునా రసాయన సాంకేతిక సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, కణజీవశాస్త్ర కేంద్రం చెట్ల నీడల్లో, ప్రహరీగోడల వెనుక వుంటాయి. ఆ రోడ్డు వదిలి నాచారం పారిశ్రామికవాడ వైపు తిరిగితే చెట్లు పోయి రేకుల కప్పులు వస్తాయి. లేతు మిషన్ల షెడ్లు, మందుల కంపెనీలు, వాటి మధ్య "ఫైబర్ పని" చేసే చిన్న చిన్న షెడ్లు. అదే నాచారంలో కార్మిక బీమా ఆసుపత్రి. ఆలోచించే తల ఒక వైపు, పని చేసే చెయ్యి ఒక వైపు, ఆ చేతికి దెబ్బ తగిలితే కట్టు కట్టే చోటు ఇంకొక వైపు. మన సమాజపు శ్రమవిభజన ఇంత స్పష్టంగా, పటం గీసినట్లు కనిపించే చోట్లు ఎన్నో వుండవు.

పోయిన వేసవిలో మా విద్యార్థి ఒకడు తన తండ్రి పనిచేసే షెడ్డుకు నన్ను తీసుకుపోయాడు. ఆయనకు నలభై యేడెనిమిదేళ్లుంటాయి. ఇరవై యేళ్లుగా ఇదే పని. లోపల అడుగు పెట్టగానే రెజిన్ వాసన ముక్కును పట్టుకుంటుంది. వస్తువు అంటుకుపోకుండా ముందు అచ్చుకు మైనం పట్టించి తుడుస్తారు. దాని మీద రంగు కలిపిన జెల్‌కోటు పూస్తారు. అది కాస్త బిగిసిన తరువాత గాజుపోగుల మ్యాటు పరిచి, బ్రష్షుతో రెజిన్ తడిపి, రోలరుతో ఒత్తి లోపలి గాలిని బయటికి తోలుతారు. మళ్లీ మ్యాటు, మళ్లీ రెజిన్, మళ్లీ రోలరు. గాలిబుడగ మిగిలితే వస్తువు పగలడం అక్కడే మొదలవుతుంది. రెజిన్ గట్టిపడడానికి అందులో నూటికి ఒకటి రెండు పాళ్లు మందు కలపాలి. ఎంత కలపాలో డబ్బా మీద రాసే వుంటుంది. ఐతే ఆ రాత రాసినవాడు నాచారంలో మే నెల గడిపి వుండడు. "ఎండకాలం మందు తక్కువ ఎయ్యాలె సార్. డబ్బా మీద రాసినట్టు ఏసినమనుకో, గిన్నెలనే రాయి అయితది" అన్నాడాయన. ఎంత తక్కువ అని అడిగితే నోటితో చెప్పలేదు. గిన్నె వొంచి, మందు పోసి చూపించాడు.

(మన అభ్యుదయ కవిత్వంలో సుత్తికీ కొడవలికీ చోటున్నది. కొలిమికీ నాగలికీ వున్నది. రోలరుకు నాకు తెలిసినంతలో లేదు. కార్మికుణ్ణి గురించి రాస్తున్నామని అనుకుంటూ మనం యాభయ్యేళ్ల కిందటి కార్మికుణ్ణి గురించి రాస్తున్నామేమో చూసుకోవాలి.)

శాస్త్రజ్ఞులు దీన్ని మిశ్రమ పదార్థం అంటారు. పేరు కొత్తదే గాని పద్ధతి మన ఇళ్లలో వున్నదే. మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి తొక్కి కలుపుతారు. ధాన్యం పోసే గాదెను వెదురు దబ్బలతో అల్లి పేడా మట్టీ మెత్తుతారు. కొండపల్లి బొమ్మకు చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి మక్కు చేస్తారు. గడ్డికి లాగుడును ఓర్చే గుణం వున్నది, నిలబడే గుణం లేదు. మట్టికి నిలబడే గుణం వున్నది, లాగితే విడిపోతుంది. రెండూ కలిస్తే గోడ వానకూ గాలికీ నిలుస్తుంది. వ్యాకరణం చెప్పుకునేవాణ్ణి గనక నాకిది సమాసంలా కనిపించింది. నీళ్లలో పంచదార వేస్తే పంచదార మాయమవుతుంది. అది సమాసం కాదు. సమాసంలో పదాలు పదాలుగానే మిగులుతాయి. ద్వంద్వంలో మాదిరి రెండూ విడివిడిగా కనిపిస్తూనే వుంటాయి. ఐనా "ముక్కంటి" అన్నప్పుడు మూడూ కన్నూ రెండూ పక్కకు తప్పుకుని మూడోవాడెవడో ఎదుట నిలిచినట్లు, పోగులోనూ జిగురులోనూ విడిగా లేని బలం ఒకటి వాటి కలయికలో నిలుస్తుంది. మిశ్రమ పదార్థం రూపంలో ద్వంద్వం, అర్థంలో బహువ్రీహి.

ఇందులో ఆశ్చర్యపడవలసింది మరొకటి వున్నది. గాజు పెళుసుదని అందరికీ తెలుసు. 1921లో ఇంగ్లండులో గ్రిఫిత్ అనే యింజనీరు గాజును లాగి పోగులు తీసి పరీక్షించి, పోగు సన్నబడే కొద్దీ దాని బలం ఎన్నో రెట్లు పెరుగుతున్నదని చూపించాడు. కారణం, పెళుసుదనం గాజు స్వభావం నుంచి గాక గాజులో వున్న కంటికి కనిపించని పగుళ్ల నుంచి వస్తుందనీ, పోగు ఎంత సన్నగా వుంటే పెద్ద పగులుకు అందులో చోటు అంత తక్కువనీ. ఇక వేల పోగులను జిగురు పట్టి వుంచితే, ఒక పోగు తెగినా జిగురు ఆ బరువును పక్క పోగులకు పంచుతుంది. పగులు ముందుకు పాకకుండా అక్కడే ఆగుతుంది. సహకారాన్ని గురించి మార్క్సు "పెట్టుబడి"లో రాసిన అధ్యాయం చదివినవారికి ఇక్కడ చెయ్యి దురద పెడుతుంది: విడివిడి మనుషుల బలాలను కూడితే వచ్చే మొత్తం వేరు, వాళ్లు కలిసి పనిచేస్తే పుట్టే బలం వేరు. పోలిక బాగుంది. ఐతే దాన్ని ఇంకా సాగదీయడం నాకు ఇష్టం లేదు. పోగులు సమ్మె చెయ్యవు. మనుషుల్ని పట్టి వుంచే జిగురు ఏదో, దాన్ని ఎవరు పూశారో అడగకుండా ఐక్యతను మెచ్చుకోవడం ఫాసిస్టులు కూడా చేశారు. కట్టెల మోపు వాళ్ల గుర్తే గదా.

అసలు ప్రశ్నకు వస్తాను. కత్తి వాదం నిలబడాలంటే ఒక షరతు వున్నది: పదార్థం ముందు పుట్టాలి, ప్రయోజనం తరువాత రావాలి. ఇనుము విషయంలో ఇది చాలావరకు నిజం. ఇనుపకడ్డీ ఇనుపకడ్డీగా బజారుకు వస్తుంది. అది గునపం అవుతుందో బల్లెం అవుతుందో కడ్డీకి తెలియదు. మిశ్రమ పదార్థం అలా బజారులో దొరకదు. పోగు దొరుకుతుంది, జిగురు దొరుకుతుంది. పదార్థం మాత్రం వస్తువుతోపాటు, అదే అచ్చులో, అదే గంటలో పుడుతుంది. పైగా పోగు తన పొడుగు వెంట బలంగా వుంటుంది, అడ్డంగా బలహీనం. కాబట్టి ఏ పొరలో పోగు ఏ దిక్కుకు పరవాలో ముందే నిర్ణయించాలి. అందుకు ఆ వస్తువు మీద రేపు ఏ బరువు ఏ వైపు నుంచి పడబోతుందో తెలియాలి. విమానం రెక్కకు ఒక పరుపు, నీళ్ల ట్యాంకుకు ఒక పరుపు, రాకెట్టు మోటారు తొడుగుకు మరొక పరుపు. అనగా ప్రయోజనం ఇక్కడ పదార్థం తయారైన తరువాత బయటినుంచి వచ్చి పట్టుకునే చెయ్యి కాదు. అది పోగుల దిక్కులో అల్లుకుని వున్నది. తెగిపడిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, దీన్ని చేసినవాళ్లు ఏమి జరుగుతుందని ఎదురుచూశారో నిపుణుడు చాలావరకు చెప్పగలడు. ఇలాంటి పదార్థాన్ని పట్టుకుని "దీనికేం తెలుసు, పాపం" అనడం ఎంతవరకు చెల్లుతుంది?

దీనికి ఎదురుగా మన హైదరాబాదులోనే పుట్టిన ఒక కథను తరచుగా చెబుతారు. అగ్ని క్షిపణిని 1989 మే 22న చాందీపూరు నుంచి మొదటిసారి ప్రయోగించారు. వాతావరణంలోకి తిరిగి దిగేటప్పుడు పుట్టే భయంకరమైన వేడికి తట్టుకునే మిశ్రమ పదార్థాలు దానికి కావలసి వచ్చాయి; ఆ పని హైదరాబాదు రక్షణ ప్రయోగశాలల్లో జరిగింది. తరువాత నిజాం వైద్య విజ్ఞాన సంస్థలోని ఎముకల వైద్యుడొకరు అబ్దుల్ కలాం ప్రయోగశాలకు వచ్చి, అక్కడి పదార్థం ముక్కను చేత్తో ఎత్తి, దాని తేలికదనానికి ఆశ్చర్యపోయి, ఆయన్ను తన ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ పోలియో సోకిన పిల్లలు కాళ్లకు మూడు కిలోల పైచిలుకు ఇనుప ఊతలు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో ప్రయోగశాలవారు మూడు వందల గ్రాముల ఊతలు చేసి ఇచ్చారు. ఆ పిల్లలు పరుగెత్తడం చూసి తల్లిదండ్రులు కన్నీరు పెట్టుకున్నారని కలాం అనేక సభల్లో చెప్పారు. తన జీవితంలోని గొప్ప ఆనందాల్లో ఒకటిగా దాన్ని లెక్కపెట్టారు.

ఈ కథను వెక్కిరించేవాణ్ణి నేను మెచ్చుకోను. మూడు కిలోలకూ మూడు వందల గ్రాములకూ మధ్య తేడా ఏమిటో, కాలికి కట్టుకుని పాఠశాలకు నడిచిన పిల్లకు తెలుస్తుంది. వ్యాసం రాసేవాడికి తెలియదు. ఆ మనిషి ఆనందం నిజమైనదే. నా అభ్యంతరం కథ మీద కాదు, దాన్ని ఉపయోగించే తీరు మీద. చూశారా, అదే పదార్థం బాణమైంది, అదే ఊతకర్ర ఐంది, కాబట్టి పదార్థానికి నీతి లేదు అంటారు. కథను ఇంకొకసారి నిదానంగా చదవండి. ఊత చెయ్యడానికి పట్టింది మూడు వారాలు. అంటే విద్య అప్పటికే సిద్ధంగా వున్నది, చేతులు సిద్ధంగా వున్నాయి, పిల్లలు అదే ఊళ్లో వున్నారు. లేనిదల్లా ఆ పిల్లల కాళ్ల గురించి అడగవలసిన బాధ్యత ఎవరికైనా వుండడం. ఆ ప్రశ్న ఒక వైద్యుడి కాలిబాట వెంట, యాదృచ్ఛికంగా ప్రయోగశాలలోకి వచ్చింది. ఆయన ఆ రోజు మరో పని మీద మరో చోటికి పోయి వుంటే? క్షిపణి ఎవరి కాలిబాట మీదా ఆధారపడలేదు. దానికి పథకం వున్నది, బడ్జెటు వున్నది, గడువు వున్నది. ఈ కథ రుజువు చేసేది పదార్థపు నిష్పాక్షికతను కాదు. ఏ ప్రశ్నకు జీతమిచ్చి మనుషుల్ని పెట్టారో, ఏ ప్రశ్నను దయకూ అదృష్టానికీ వదిలారో ఆ తేడాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ ఊతల అవసరాన్ని పోగొట్టింది మిశ్రమ పదార్థం కాదు, రెండు చుక్కల మందు. ఇంటింటికీ తిరిగి ఆ చుక్కలు వేసిన ఆరోగ్య కార్యకర్తలూ అంగన్‌వాడీ స్త్రీలూ. మన దేశంలో సహజ పోలియో వైరసు చివరి కేసు 2011 జనవరిలో బెంగాలులో నమోదైంది. 2014 మార్చి 27న ఈ ప్రాంతం పోలియో లేనిదిగా ప్రకటితమైంది. అగ్ని వరసలో మాత్రం కొత్తవి వస్తూనే వున్నాయి. 2021 జూన్‌లో మొదట ఎగిరిన అగ్ని-ప్రైమ్‌కు మోటారు తొడుగులు కూడా మిశ్రమ పదార్థంతోనే చేశారు.

ఇక్కడ నా విద్యార్థి, ఆ షెడ్డు కార్మికుడి కొడుకే, నన్ను ఆపాడు. "సార్, క్షిపణి లేకపోతే ఆ పదార్థమే మన దగ్గర వుండేది కాదు గదా? బయటి దేశాలు ఇచ్చేవా?" అన్నాడు. వాడన్నది నిజం. 1987లో పెద్ద పెట్టుబడిదారీ దేశాలు ఏడు కూడి క్షిపణి పరిజ్ఞానం మీద కట్టుదిట్టం ఏర్పాటు చేశాయి. మిశ్రమ పదార్థాలూ, వాటి పోగులు చుట్టే యంత్రాలూ ఆ జాబితాలోకి ఎక్కాయి. తమ దగ్గర గుట్టలుగా పెట్టుకుని ఎదుటివాడికి నీతులు చెప్పే ఆ పద్ధతిని చూసి ఒళ్లు మండనివాడు సామ్రాజ్యవాదాన్ని అర్థం చేసుకోలేదన్నమాటే. మన వామపక్షీయులు మాత్రం ఈ విషయంలో చేతులు కడుక్కున్నవాళ్లేమీ కాదు. 1957 అక్టోబరులో స్పుత్నిక్ ఎగిరితే ప్రపంచమంతటా అభ్యుదయవాదులు పండగ చేసుకున్నారు. దాన్ని ఎగరేసిన ఆర్-7 మొదట ఖండాంతర క్షిపణిగా తయారైనదే. బాణం మనవాడి చేతిలో వుంటే కవిత్వం, పరాయివాడి చేతిలో వుంటే నేరం అని మనం కూడా కత్తి వాదమే చేశాం, కాకపోతే మరికొంత ఉపన్యాస ధోరణిలో.

ఐతే విద్యార్థి ప్రశ్నకు నా జవాబు ఇది. క్షిపణి వల్ల ఊత వచ్చిందన్నది చరిత్ర. క్షిపణి వల్లనే ఊత రావాలన్నది చరిత్ర కాదు, మనం ఎంచుకున్న ఏర్పాటు. పిల్ల కాలి కోసమే అంత డబ్బు, అంత మంది శాస్త్రజ్ఞులు, అంత పట్టుదల పెట్టడానికి ఈ సమాజం ఒప్పుకోలేదు గనకనే ఆ పిల్ల బాణం నీడలో నిలబడి మిగిలింది ఏరుకోవలసి వచ్చింది. విద్యార్థి నా జవాబుతో పూర్తిగా ఒప్పుకోలేదు. తన తండ్రి షెడ్డుకు అప్పుడప్పుడూ వచ్చే మంచి ఆర్డర్లు ఎక్కడివో నాకు తెలియదనీ, అవి ఆగితే ఇంటద్దె ఎలా కట్టాలో వ్యాసంలో రాయమనీ అన్నాడు. రాశాను, జవాబు రాయలేదు.

మరి ఆ తండ్రికి బాధ్యత వున్నదా? ఆయన్ను అడిగాను. "అన్నా, మీరు చేసిన ముక్క ఎక్కడికి పోతుందో మీకు తెలుస్తుందా?" ఆయన రోలరు ఆపకుండానే అన్నాడు: "ఏడికి పోతదో మాకేం ఎరుక సార్. బస్సుకా, బాంబుకా, డ్రాయింగుల అది రాయరు. ఎన్ని పొరలెయ్యాలె, ఏ దిక్కుకెయ్యాలె, గంతే రాస్తరు."

ఈ మాట నన్ను చాలాకాలం వదలలేదు. ప్రయోజనం పోగుల దిక్కులో వున్నదని కదా పైన అన్నాను. ఆ దిక్కును స్వయంగా పరిచే చేతికి దాని అర్థం మాత్రం తెలియనివ్వరు. వాక్యం రాయించుకుని భాష నేర్పకపోవడం లాంటిది ఇది. మార్క్సు చెప్పిన పరాయీకరణలో కార్మికుడు చేసిన వస్తువు అతనిది కాకుండా పోతుంది. ఇక్కడ వస్తువు అర్థం కూడా అతనిది కాకుండా పోయింది. బాధ్యత తెలివిడిని బట్టీ, కాదనగల శక్తిని బట్టీ వుంటుందని ఒప్పుకుంటే, ఆయన మీద పడే పాలు చాలా స్వల్పం. ఐతే ఆయనకు తెలియకపోవడం యాదృచ్ఛికం కాదు. అది పనిలో ఒక భాగంగా అమర్చిన విషయం. రహస్యం పేరుతో కొంత, పోటీ వ్యాపారం పేరుతో కొంత, "నీకెందుకు" అనే మర్యాదలేని మాటతో మిగిలినది. అలా అమర్చినవారి బాధ్యత తగ్గకపోగా, వాళ్లు తెలియనివ్వని ప్రతి మనిషి పాలూ వచ్చి వాళ్ల ఖాతాలోనే చేరుతుంది.

తెలియనివ్వనిది ఆ ఒక్క సంగతే కూడా కాదు. రెజిన్‌లోంచి వచ్చే ఆ తియ్యని ఘాటు వాసన స్టైరీన్‌ది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సరు పరిశోధన విభాగం దాన్ని మనుషులకు బహుశా కాన్సరు కలిగించేదిగా వర్గీకరించింది. షెడ్డు గోడ మీద అగ్నిప్రమాదం గురించి బోర్డు వున్నది; దీని గురించి లేదు. గాజుపొడి దురద గురించి చెప్పనక్కరలేదు, చేతులే చెబుతాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది పనివాళ్లుంటే ఫ్యాక్టరీ అన్నది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడు ఆ సంఖ్యలను ఇరవైకీ నలభైకీ పెంచింది. ఎనిమిదిమంది పనిచేసే షెడ్డు ఆనాడూ ఫ్యాక్టరీ కాదు, ఈనాడూ కాదు. బాణపు నీతిని గురించి మాట్లాడే మేధావి రోలరు పట్టిన మనిషి ఊపిరితిత్తుల గురించి మాట్లాడకపోతే, అతని నీతి కూడా పై పూతే, లోపల మ్యాటు లేని జెల్‌కోటు.

తెలిస్తే మాత్రం కార్మికుడేం చెయ్యగలడు అని అడిగేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండులో లూకాస్ ఏరోస్పేస్ అనే కంపెనీ విమాన పరికరాలు చేసేది. అందులో చాలా భాగం సైన్యానికే. ఉద్యోగాలు ఊడబోతున్నాయని తెలిసినప్పుడు దాని వివిధ కర్మాగారాల కార్మిక ప్రతినిధులు కూడి, "మా చేతుల్లో వున్న నైపుణ్యంతో, మా దగ్గర వున్న యంత్రాలతో ప్రజలకు పనికివచ్చేవి ఏమేమి చెయ్యగలం?" అని తమ తోటివారినే అడిగారు. 1976 జనవరిలో ప్రణాళిక బయటికి వచ్చింది. దాదాపు నూటయాభై వస్తువులు: మూత్రపిండ రోగులకు యంత్రాలు, ఇళ్లను వెచ్చబెట్టే పంపులు, రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే బండి. వెన్నెముక లోపంతో పుట్టిన పిల్లలు తమంత తామే నడుపుకునే చిన్న బండి కూడా అక్కడి పనివాళ్లు చేసి చూపించిందే. గమనించండి, ఇక్కడ కూడా పిల్లల కాళ్లే. ఐతే ఇక్కడ వైద్యుడు దారి తప్పి రాలేదు. పనిచేసేవాళ్లే ప్రశ్నను పట్టుకుని వెతుక్కుంటూ పోయారు. కంపెనీ యాజమాన్యం ప్రణాళికను తోసిపుచ్చింది. అప్పుడున్నది లేబరు ప్రభుత్వమే. అది కూడా ఒత్తిడి తేలేదు.

రెండోసారి నాచారం పోయినప్పుడు ఈ కథ ఆయనకు చెప్పాను. గిన్నెలో మందు కలిపి వున్నది, ఆయన బ్రష్షు ఆడిస్తూనే విన్నాడు. పిల్లల బండి దగ్గర మాత్రం ఒక క్షణం ఆగి, ఎంత పెద్దగా వుంటదని అడిగాడు. చేతులతో చూపించాను. "గంత చిన్నదానికి మూడు పొరలు చాలు" అన్నాడు. తరువాత కొంచెం సేపటికి, "ఆ ప్లాను రాసినోళ్లను పనిలకెళ్లి తీసేసిన్రా సార్?" అన్నాడు.

నాయకుల్లో మైక్ కూలీ అనే ఆయన్ను 1981లో తీసేశారని చెప్పాను. ఆయన తల ఊపాడు. గిన్నెలో రెజిన్ చిక్కబడుతున్నదని చూపించి, కొడుకును పిలిచి, మ్యాటు తెమ్మన్నాడు.